హోటల్ సెలెక్ట్ చేసిందెవరు?

ప్రయాణంలో హోటల్ తిండి బాగోలేకపోతే తప్పెవరిది? వండినవాడిది, అమ్మినవాడిది అనేగా మీరనేది. నేనూ అలాగే అనుకునేదాన్ని. పోయిన థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో టెక్సస్ హైవే పక్కన ఓ బార్బెక్యూ హోటల్లో తిన్నాక తెలిసింది, తప్పు వండినవాడిదీ కాదు, అమ్మినవాడిదీ కాదు, "అక్కడ తిందాం" అన్న ఆడదానిదట!

ఒక పూట తిండి గురించి ఇంత రాయాలా అనుకునేవాళ్ళుంటారు. మా ఆయనా అదే అన్నారు. తిండి ఒక పూటదే, నిజమే. కానీ ఆ మాట నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నదే. అందుకే రాస్తున్నాను.

పెళ్ళయి 22 ఏళ్ళు. అందులో 17 ఏళ్ళు ఇక్కడే, డాలస్ పక్కన. ఇన్నేళ్ళలో మేం కారెక్కిన ప్రతిసారీ వెనక సీటు కింద ఒక సంచీ ఉండేది. ఒక డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో పెరుగన్నం, ఫాయిల్లో చుట్టిన చపాతీలు, బంగాళదుంప వేపుడు, చిన్న సీసాలో ఆవకాయ, పేపర్ ప్లేట్లు, చెంచాలు, టిష్యూలు, చెత్త వేయడానికి ఇంకో ఖాళీ కవరు. ఆరింటికి బయల్దేరాలంటే నేను మూడున్నరకి లేవాలి. అందరూ కార్లో కూర్చుని "ఇంకా ఎంతసేపు?" అని ఫోన్ చేస్తుంటే, స్టవ్ ఆపానా లేదా అని మూడోసారి చూసుకుని, తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ పరిగెత్తాలి. ఎక్కిన పది నిమిషాలకి "తినడానికేమైనా ఉందా?" అని వెనక నుంచి అడుగుతారు. మీకు కొత్త విషయం ఏమీ చెప్పట్లేదని నాకు తెలుసు.

ఈసారి మా ఆయనే అన్నారు, "ఏమీ కట్టకు, దారిలో ఎక్కడో ఆగి తిందాం. నీకూ రెస్టు" అని. నాకెంత సంతోషమేసిందో! జంతికలు, అరటిపళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు.

"మరి ఎక్కడ తిందామండీ?" అనడిగాను.

"నీ ఇష్టం. నువ్వే చూడు."

ఈ "నీ ఇష్టం" అన్నమాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మేం వెళ్ళేది శాన్ ఆంటోనియోకి. మా ఆయన స్నేహితుడి ఇల్లుందక్కడ. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యకి నది పక్కన పెట్టే లైట్లు చూపిద్దామని ప్లాన్. మా ఇంటి నుంచి సుమారు 300 మైళ్ళు. కార్లో ఐదుగురం: మేమిద్దరం, కాలేజీ నుంచి సెలవులకి వచ్చిన అబ్బాయి, 14 ఏళ్ళ అమ్మాయి, మా అత్తయ్య. కార్తీకమాసం చివరి వారం. అత్తయ్య మామూలు రోజుల్లో చేప, కోడి తింటారు గానీ కార్తీకంలో నీచు ముట్టరు. ఇంకో నాలుగు రోజులైతే నెల పూర్తవుతుంది. ఇక్కడి చలిలో కూడా రోజూ తెల్లవారుజామునే స్నానం చేసి, మా పెరట్లో తులసి కుండీ దగ్గర దీపం పెడుతూ వచ్చారు.

మరి ఆవిణ్ణి వెంటబెట్టుకుని బార్బెక్యూ ఏంటమ్మా అంటారేమో. అక్కడికే వస్తున్నాను.

టెక్సస్‌లో 17 ఏళ్ళున్నా నేనెప్పుడూ ఇక్కడి బార్బెక్యూ కూర్చుని తినలేదంటే నమ్మరు. మావాళ్ళు ఆఫీసుల్లో, స్కూళ్ళలో తింటారు. నేను టీవీలో చూశాను. పందొమ్మిదో శతాబ్దంలో ఈ నడిమి టెక్సస్‌కి వచ్చి స్థిరపడ్డ జర్మన్, చెక్ కసాయివాళ్ళు అమ్ముడుపోని మాంసం పాడవకుండా పొగబెట్టి అమ్మేవారట. అది పెరిగి పెరిగి ఇప్పుడు రాష్ట్రానికే గుర్తయింది. లాక్‌హార్ట్ అనే చిన్న ఊరిని టెక్సస్‌కి బార్బెక్యూ రాజధాని అని శాసనసభే తీర్మానం చేసింది. ఓక్ కర్ర నిప్పు మీద, 225 నుంచి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో, పన్నెండు గంటలూ పద్నాలుగు గంటలూ కాపలా కాస్తూ వండుతారు. గట్టి ముక్కలో ఉన్న నరం, జిగురు అంతా ఆ సన్నటి వేడికి కరిగితేనే మాంసం మెత్తబడుతుంది. పెద్ద మంట పెడితే చెడుతుంది. తెల్లవార్లూ పొయ్యి దగ్గర కూర్చునే వంట కదా, నాకు ఆ వండేవాళ్ళంటే గౌరవం. ప్లేటు కూడా ఉండదు, కాగితం మీద మాంసం, పక్కన తెల్ల బ్రెడ్డు, దోసకాయ ఊరగాయ, పచ్చి ఉల్లిపాయ. మన విస్తరాకు భోజనంలా అనిపించి, ఒక్కసారి తినాలని కోరిక.

ఇంకా ఒక సంగతి. అసలు టెక్సస్ బార్బెక్యూ అంటే బ్రిస్కెట్, అంటే ఆవు ఛాతీ మాంసం. మా ఇంట్లో పెద్దవాళ్ళం తినం. అబ్బాయి బయట తింటాడని నాకు తెలుసు, నాన్నమ్మకి తెలియదు. ఆ రోజు వాడూ ఏమీ అనకుండా టర్కీ, చికెన్ చాలన్నాడు. ఇక అత్తయ్య కోసం నేను రెండు రాత్రులు ఫోన్లో మెనూలు వెతికాను. చీజ్ మాకరోనీ ఉంది, బీన్స్ ఉన్నాయి, మొక్కజొన్న ఉంది, పీచ్ పళ్ళతో చేసిన తీపి ఉంది. ఆవిడ కడుపు నిండుతుంది, మా సరదా తీరుతుంది అనుకున్నాను. నాలుగున్నర స్టార్లున్న చోటు చూసి, హైవే పక్కనే ఉందని నిర్ధారించుకుని, "ఇక్కడ తిందామండీ" అన్నాను. ఆ ఒక్క మాటా నేనే అన్నాను, ఒప్పుకుంటున్నాను.

పండగ ముందు రోజు బుధవారం. 35వ నంబరు హైవే మీద కార్లు చీమల బారులా ఉన్నాయి. ఒంటిగంటకి చేరాల్సినవాళ్ళం నాలుగింటికి పావు తక్కువకి చేరాం. అప్పటికి జంతికలు అయిపోయి, అరటితొక్కలు మిగిలాయి.

లోపల కౌంటర్ దగ్గర నిలబడి చెప్పుకోవాలి, మన ట్రే మనమే మోసుకోవాలి, నీళ్ళు మనమే పట్టుకోవాలి. ఇంకా ఒక మెతుకు చేతికి రాకముందే తెర మా వైపు తిప్పి 18, 20, 25 శాతం టిప్పు ఎంతిస్తావని అడిగారు. వెనక పదిమంది చూస్తున్నారని మా ఆయన 20 నొక్కారు. మొత్తం 118 డాలర్లు. నేను కౌంటర్‌లో ఉన్న కుర్రాణ్ణి అడిగాను, "బీన్స్ వెజిటేరియనేనా?" అని. "ఆ, ఉత్త బీన్సే" అన్నాడు చేతిలో పని ఆపకుండా.

కూర్చున్నాం. టర్కీ నోట్లో పెట్టుకుంటే ఎండు కొబ్బరి పిప్పి నమిలినట్టుంది. చికెన్ పైన తోలు రబ్బరులా సాగింది, లోపల నీరు చేరి చప్పగా ఉంది. పొగ వాసన మాంసంలో లేదు, తియ్యటి సాసులో ఉంది. అమ్మాయి రెండు ముక్కలు తిని బ్రెడ్డు మీదకి వెళ్ళిపోయింది. వండేదాన్ని కాబట్టి నాకు అర్థమైంది. పొద్దున పదకొండింటికి కోయాల్సిన మాంసాన్ని కోసేసి, వేడి దీపాల కింద నాలుగైదు గంటలు పెట్టి, ఆరిపోయినదాన్ని మాకిచ్చారు. పేరున్న కొట్లు చాలావాటిలో ఏం చేస్తారో తెలుసా? ఆ రోజు వండింది అయిపోగానే "సోల్డ్ అవుట్" అని బోర్డు పెట్టి తలుపు మూసేస్తారు. మన ఊళ్ళలో మెస్ వాళ్ళు "భోజనాలు అయిపోయాయండీ" అనే పద్ధతే. బాగున్నంతసేపే అమ్మాలి, బాగోనిది అమ్మకూడదు అన్న నీతి అది. ఇక్కడ అది లేదు. రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంటుంది, ధర మాత్రం పొద్దున ఎంతో సాయంత్రం అంతే.

ఇంతవరకైతే నేనూ "పోనీలే" అనుకునేదాన్నే. మన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట అది.

అప్పుడు అత్తయ్య చెంచాతో ఏదో పక్కకి తీసి, "ఇదేంటమ్మాయ్, పీచులా ఉంది?" అన్నారు.

చూశాను. నల్లటి అంచున్న మాంసం ముక్క. బీన్స్ గిన్నె అడుగున ఇంకా ఉన్నాయి. అప్పటికి ఆవిడ నాలుగు చెంచాలు తినేశారు.

"ఏదో సోయా అయ్యుంటుందమ్మా, తిను" అన్నారు మా ఆయన. అబ్బాయి తల దించుకున్నాడు. అమ్మాయి నా మొహం చూస్తోంది. ఒక్క క్షణం నాకూ అనిపించింది, ఔననేస్తే అయిపోతుంది కదా అని. ఆవిడ బాధపడరు, నా మీదకీ రాదు. కానీ 67 ఏళ్ళావిడ, ఒంటిపూట భోజనం చేస్తూ నెలంతా నియమం పట్టిన మనిషి, నన్ను నమ్మి అడిగారు. "మాంసం అత్తయ్యా, తినకండి" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. చెంచా కింద పెట్టారు. లేచి బాత్రూమ్‌కి వెళ్ళి నోరు కడుక్కుని వచ్చి, "నేను కార్లో కూర్చుంటాను" అన్నారు.

అప్పుడన్నారు మా ఆయన. "చూశావా! అందుకే ఇంటి నుంచి తెచ్చుకోవాలి అనేది. అసలు ఈ హోటల్ సెలెక్ట్ చేసిందెవరు?"

నా చెవులు నేనే నమ్మలేదు. ఏమీ కట్టొద్దు అన్నదెవరు? నీ ఇష్టం అన్నదెవరు? సోయా అన్నదెవరు? అవేవీ లెక్కలోకి రాలేదు. హోటల్ పేరు చెప్పిన నోరొక్కటే లెక్కలోకి వచ్చింది.

నేను ఆ గిన్నె పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. "నాలుగు డాలర్ల కోసం గొడవెందుకు, రా" అని వెనక నుంచి పిలుస్తూనే ఉన్నారు. మేనేజరు ఒకావిడ, నా వయసే ఉంటుంది. విషయం చెప్పాను. "సారీ. కానీ మా బీన్స్‌లో బ్రిస్కెట్ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి, అందరికీ తెలుసు" అంది. నిజమేనట, తర్వాత తెలుసుకున్నాను. కోయగా మిగిలిన బ్రిస్కెట్ అంచులు బీన్స్ కుండలో వేయడం ఇక్కడ చాలా కొట్లలో మామూలే. అది వాళ్ళ వంట, నేను తప్పు పట్టను. మన గోంగూరలో రొయ్యలేస్తే ఎవరైనా తప్పు పడతారా? నేను తప్పు పట్టింది ఒక్కటే. "అందరికీ తెలుసు అంటున్నారు, మీ కౌంటర్‌లో ఉన్న అబ్బాయికే తెలియలేదు. తెలియకపోతే తెలియదు అనాలి కదా" అన్నాను. నా గొంతు వణికింది. ఇంగ్లీషు కూడా కాస్త తడబడింది. వెనక క్యూలో వాళ్ళు చూశారు. అయినా అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, బీన్స్ డబ్బులే కాదు, అత్తయ్య భోజనం మొత్తం డబ్బులు వెనక్కిచ్చింది. డబ్బులిస్తే అత్తయ్య నియమం తిరిగొస్తుందా, రాదు. కానీ ఆ తప్పు ఎవరిదో ఆ కౌంటర్ దగ్గర తేలింది. మా కార్లో మాత్రం తేలలేదు.

సాయంత్రం స్నేహితుడి ఇంట్లో అందరూ కూర్చున్నారు. "దారిలో ఏం తిన్నారు?" అని వాళ్ళావిడ అడగ్గానే మా ఆయన నవ్వుతూ, "అడక్కండి, ఈరోజు మా ఆవిడ సెలెక్షన్!" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నేనూ నవ్వాను. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ నా నవ్వు గుర్తొస్తేనే.

మా ఆయన చెడ్డవాడని చెప్పట్లేదు. ఆరు గంటల పైన ఆ ట్రాఫిక్‌లో కారు నడిపిన మనిషి, పాపం. కానీ న్యాయంగా లెక్క చూద్దాం. ఆయన బుక్ చేసిన మోటెల్లో హీటర్ పనిచేయక రాత్రంతా కోట్లేసుకుని పడుకున్నాం. అప్పుడు ఏమన్నారు? "మోసం చేశాడు వెధవ. రివ్యూ రాస్తా." ఆయన చూసిన ఇండియన్ బఫేలో నిన్నటి పప్పు వేడిచేసి పెట్టారు. "ఈ రెస్టారెంట్లన్నీ ఇలా తయారయ్యాయి." ఆయన ఎంచిన షార్ట్‌కట్‌లో గంటన్నర తిరిగాం. "జీపీఎస్ తప్పు." చూశారా, ఆయన ఎంపిక తప్పితే వెధవ మోటెల్ వాడు, లేదా కాలం, లేదా జీపీఎస్. నా ఎంపిక తప్పితే నేను.

ఇది నా ఒక్కదాని గోల అనుకోకండి. పెళ్ళిలో క్యాటరింగ్ బాగోలేకపోతే "వాళ్ళని చెప్పింది వదినేగా". కొన్న సోఫా ఏడాదికే కుంగితే "ఆ రంగు నచ్చింది నీకేగా". పిల్లాడికి ట్యూషన్ మాస్టారు సరిగ్గా చెప్పకపోతే "నువ్వేగా చేర్పించావ్". బాగుంటే మాత్రం ఎవరు ఎంచారని ఎవరూ అడగరు. అది దానంతటదే బాగున్నట్టు!

నేనేమీ తక్కువ తినలేదని కూడా చెప్పాలి. పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు మా ఆడపడుచు విజయవాడలో ఒక హోటల్‌కి తీసుకెళ్తే, సాంబార్ పుల్లగా ఉందని నేను ఆవిణ్ణే దెప్పాను, హోటల్ వాణ్ణి ఒక్కమాట అనలేదు. ఆవిడ మొహం ఎలా మాడిపోయిందో ఇప్పుడు గుర్తొస్తోంది. ఫోన్ చేసి చెప్పాను లెండి. "అబ్బో, ఇన్నాళ్ళకా వదినా!" అంది.

ఇంతకీ ఆ రాత్రి. నేనూ అత్తయ్యా ఒక గదిలో పడుకున్నాం. లైటు తీశాక చాలాసేపటికి అడిగారు, "ఆవుదేనా అమ్మాయ్?"

"అవునత్తయ్యా."

కాసేపు మాట లేదు. "తెలియక తిన్నాను. ఆ శివయ్యకి తెలుసులే" అన్నారు. తర్వాత అన్నారు, "నువ్వు నిజం చెప్పావు. వాడు చెప్పలేదు. వాళ్ళ నాన్నా అంతే, గొడవెందుకని అబద్ధం చెప్పేవారు."

"మీకు నామీద కోపం రాలేదా? చోటు చెప్పింది నేనే కదా."

ఆవిడ నవ్వినట్టనిపించింది. "నేను జన్మలో ఎక్కడ తిందామో చెప్పలేదే. తిరపతి వెళ్ళినా, కాశీ వెళ్ళినా ఎక్కడ తినేది, ఎక్కడ దిగేది మీ మావయ్యే చెప్పేవారు. నేను రెండు రోజులకి సరిపడా పులిహోర, దిబ్బరొట్టె కట్టుకుని వెళ్ళేదాన్ని. బాగున్నా బాగోకపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఏదీ ఎంచకపోతే మాట పడే పని లేదుగా."

నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ ఆ పులిహోర డబ్బా ఆరోగ్యానికనీ, ఖర్చు తగ్గడానికనీ, పిల్లలకి బయటి తిండి పడదనీ అనుకున్నాను. అవీ నిజమే. కానీ మూడున్నరకి లేచి కట్టేది మాట పడకుండా ఉండటానికి కూడా. పులిహోరలో ఉప్పు ఎక్కువైనా ఎవరూ ఏమీ అనరు, అలవాటే కాబట్టి. హోటల్ పేరు చెప్పడంలోనే ప్రమాదం ఉంది. అందుకే మనం "మీ ఇష్టం", "ఏదైనా పర్లేదు", "పిల్లలకి ఏది కావాలంటే అది" అంటూ బతికేస్తాం. దాన్ని సర్దుకుపోవడం అని మెచ్చుకుంటారు కూడా. మెచ్చుకుంటే ఎవరికి చేదు, మనమూ మురిసిపోతాం.

సరే, ఇదంతా అత్తయ్య కాలం, నా కాలం అనుకుని ఊరుకునేదాన్నేమో. తిరుగు ప్రయాణంలో జరిగింది చూడండి.

ఆదివారం మళ్ళీ అదే హైవే. మధ్యాహ్నం ఆకలి మొదలైంది. అబ్బాయి హెడ్‌ఫోన్స్‌లో ఉన్నాడు. మా ఆయన అద్దంలోంచి చూస్తూ అమ్మాయిని అడిగారు, "ఏం తిందాం నాన్నా? నువ్వు చెప్పు."

"ఏదైనా ఓకే."

"కాదు, చెప్పు. నీ ఇష్టం."

"నేను చెప్పను. బాగోకపోతే నా సెలెక్షన్ అంటారు."

కార్లో ఒక్కసారి అందరూ నిశ్శబ్దమైపోయారు. 14 ఏళ్ళ పిల్ల! దీన్ని నేను నేర్పలేదు, వాళ్ళ నాన్న నేర్పలేదు, ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పలేదు. బుధవారం హోటల్లో ఒక మాట, సాయంత్రం ఒక జోకు, నా నవ్వు. ఆ మూడూ చాలాయి.

మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సారీరా" అన్నారు, దానితో. నాతో ఇంకా అనలేదు, చదివితే అంటారేమో చూద్దాం.

నేను వెనక్కి తిరిగి, "నువ్వే చెప్పాలి. బాగోకపోతే డబ్బులు పోతాయి, అంతే. ఎవరైనా నిన్ను ఏమైనా అంటే నేనున్నాను" అన్నాను. ఫోన్ తీసి వెతికి, వేకో దాటాక వెస్ట్ అనే ఊళ్ళో ఆగుదామంది. చెక్ వాళ్ళు వచ్చి స్థిరపడ్డ చిన్న ఊరు, కొలాచె అనే బన్నులకి పేరు. మాంసం పెట్టినవీ ఉంటాయి, పళ్ళు పెట్టినవీ ఉంటాయి. కౌంటర్ దగ్గర నా కూతురే అడిగింది. "ఇందులో ఏ మాంసమూ లేదు కదా? పంది కొవ్వు వాడతారా? తెలియకపోతే లోపల కనుక్కుని చెప్పండి." ఆ అమ్మాయి లోపలికెళ్ళి కనుక్కొచ్చి చెప్పింది. అత్తయ్య పీచ్ పండు పెట్టింది ఒకటి తిన్నారు. "మరీ తీపి" అన్నారు. అమ్మాయి మొహం చిన్నబోతుంటే, "బన్ను తీపి అన్నానే, నిన్ను కాదు" అన్నారు.

ఇక మీతో చెప్పాలనుకున్నవి చెప్పేసి ముగిస్తాను.

మొదటిది పనికొచ్చే ముక్క. ఈ దేశంలో, ముఖ్యంగా బార్బెక్యూ చోట్ల, "వెజిటేరియనా?" అని అడిగితే చాలదు. బీన్స్‌లో బ్రిస్కెట్ ఉండొచ్చు, గ్రీన్ బీన్స్‌లో బేకన్ ఉండొచ్చు, ఆకుకూరలో పంది కాలి ముక్క వేసి ఉడికిస్తారు, టోర్టిల్లాలో పంది కొవ్వు ఉండొచ్చు. "మాంసంతో గానీ, మాంసం రసంతో గానీ, కొవ్వుతో గానీ వండారా?" అని విడివిడిగా అడగండి. వెనక క్యూ ఉంది, ఇంగ్లీషు తడబడుతుంది అని ఆగకండి. నేను ఆగాను, సరిగ్గా అడగలేదు. నా తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

రెండోది, డబ్బిచ్చి కొన్న తిండి బాగోకపోతే వెనక్కి తీసుకెళ్ళండి. నాలుగు డాలర్లైనా, నలభై రూపాయలైనా. మన వంటింట్లో కూరలో ఉప్పు తగ్గితే మనకి చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు కదా. 118 డాలర్లు తీసుకున్నవాడికి చెప్పడానికి మొహమాటం దేనికి?

మూడోది, అసలైనది. ఎవరైనా "ఇది ఎవరి సెలెక్షన్?" అంటే నవ్వకండి. కోప్పడక్కర్లేదు, ఏడవక్కర్లేదు. "నాదే. చోటు నేను చెప్పాను. మాంసం ఎండబెట్టింది నేను కాదు, అబద్ధం చెప్పింది నేను కాదు" అని అక్కడే, అందరి ముందే అనండి. అవతలివాళ్ళు ఇంకో ఆడమనిషిని అలా అంటుంటే కూడా నవ్వకండి. ఆ నవ్వు ఎవరెవరు వింటున్నారో మనకి తెలియదు.

సంక్రాంతికి మళ్ళీ ప్రయాణం ఉంది. మా ఆయన నిన్న అన్నారు, "పులిహోర కట్టు, ఎందుకొచ్చిన గొడవ" అని. కడతాను, నాకూ ఇష్టమే పులిహోర. కానీ దారిలో ఒక పూట మాత్రం నేను చెప్పిన చోటే ఆగుతాం. బాగుంటుందో లేదో నాకూ తెలియదు. చూద్దాం.

మరి మీ ఇంట్లో ఎలా? మీరు ఎంచిన హోటల్ ఎప్పుడైనా బాగోలేకపోతే ఏమన్నారు? దాచుకోకుండా చెప్పండి.